గ్రంథాలయ పన్ను కడుతున్నాం, చట్టాల బీరువా ఏది?

ఏప్రిల్ రాగానే ఇంటి పన్ను కట్టేయడం మన ఇళ్లల్లో చాలామందికి అలవాటు. ముందుగా కడితే రాయితీ వస్తుందని పెద్దలు మరిచిపోనివ్వరు. కట్టిన తర్వాత వచ్చే రసీదును మాత్రం మడిచి బీరువాలో పెడతాం గాని పూర్తిగా చదవం. మా సంఘంలో గుమాస్తాలుగా పనిచేసి రిటైరైనవాళ్లం కొందరం ఉన్నాం. రసీదును కింది గీత దాకా చదవడం మాకు పోని అలవాటు. అసలు పన్ను కింద చిన్న అక్షరాలతో కొన్ని ఉపపన్నులు ఉంటాయి. అందులో ఒకటి ‘గ్రంథాలయ కర’.

కర్ణాటక సార్వజనిక గ్రంథాలయాల చట్టం 1965 నాటిది. దాని ప్రకారం ఆస్తి పన్నులో ప్రతి వంద రూపాయలకు ఆరు రూపాయలు గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. మూడు వేలు పన్ను కట్టే ఇల్లు ఏటా 180 రూపాయలు పుస్తకాల కోసం ఇస్తున్నట్టు లెక్క. అలాంటి ఇళ్లు వంద ఉన్న వీధి నుంచి ఏడాదికి 18,000 రూపాయలు వెళ్తుంది. ఈ డబ్బుకు బదులు మనకు ఏం అందుతోందో మనం ఎప్పుడూ అడగలేదు. అడిగే సమయం ఇప్పుడు వచ్చిందని మేము ఎందుకు అనుకుంటున్నామో ఈ వ్యాసంలో చెబుతాం.

పఠనాలయాల్లో మేము చూసింది

ఈ మధ్య మేము నలుగురం కలిసి అత్తిబెలె, ఆనేకల్ చుట్టుపక్కల కొన్ని పఠనాలయాలకు వెళ్లాం. ఏవో పేర్లు చెప్పం, ఎవరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. చాలాచోట్ల పనిచేసేది ఒక్కరే. చాలీచాలని జీతంతో తలుపు తీసి, పేపర్లు పరిచి, సాయంత్రం మూసి వెళ్తారు. పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయి, నవలలున్నాయి, దినపత్రికలున్నాయి. పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు, చూడముచ్చటగా ఉంది. కానీ పురసభ ఎలా నడుస్తుంది, ఖాతా మార్పుకు ఏం కావాలి, సమాచార హక్కు అర్జీ ఎలా రాయాలి, ఉచిత న్యాయ సహాయం ఎవరికి దొరుకుతుంది అని వెతికితే దొరికినవి రెండు మూడు పాత గైడ్లు. ఒకదాంట్లో భారతీయ శిక్షాస్మృతి ఇంకా అమల్లో ఉన్నట్టే రాసి ఉంది.

2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసగాణ్ణి మనం ఇంకా ‘ఫోర్ ట్వెంటీ’ అంటున్నాం గాని, కొత్త చట్టంలో మోసం సెక్షన్ 318. హత్యకు 302 పోయి 103 వచ్చింది. సమాచార హక్కు చట్టంలో కూడా వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సెక్షన్‌ను మార్చారు. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత గైడు చూసుకుని ఆఫీసుకు వెళ్లినవాడు తెలియనివాడి కంటే ఎక్కువ ఇబ్బంది పడతాడు. బీరువాలో పుస్తకం ఉంటే చాలదు, ఈనాటి పుస్తకం ఉండాలి.

తెలియకపోవడానికి కట్టే ధర

కిందటేడు మా సంఘానికి ఒక పెద్దాయన వచ్చారు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్న కుటుంబం. ఇంటి ఖాతాలో చనిపోయిన తండ్రి పేరు తీసి తన పేరు ఎక్కించుకోవాలి. మధ్యవర్తి ఒకడు నాలుగు వేలు తీసుకుని, “ఫైలు పైకి పోయింది” అంటూ ఎనిమిది నెలలు తిప్పాడు.

“అన్నా, సకాల నంబరు ఇచ్చారా?” అని అడిగాం.

“అదేం నంబరప్పా? వాడు ఫోన్ నంబరే ఇచ్చినాడు,” అన్నారాయన.

కర్ణాటకలో 2011 నుంచి సకాల చట్టం ఉంది. దాని కిందికి వచ్చే సేవకు అర్జీ పెడితే ఒక నంబరు ఇవ్వాలి, ఫలానా రోజుల్లో పని చేసి పెట్టాలి. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలకు మించకుండా అర్జీదారుకు పరిహారం ఉంటుంది. విచారిస్తే తేలింది, ఆయన పేర అసలు అర్జీయే పడలేదు. మేము దగ్గరుండి కొత్తగా అర్జీ వేయించాం, నంబరు వచ్చింది, ఖాతా కూడా వచ్చింది. పోయింది నాలుగు వేలు, ఎనిమిది నెలలు. ఆయన చదువు లేనివారు కాదు, తెలుగులో రోజూ పేపరు చదువుతారు. ఆయనకు కావలసిన ఒక్క పేజీ ఆయన చదవగలిగే భాషలో, ఆయన నడిచి వెళ్లగలిగే చోట లేదు. నష్టం అక్కడ మొదలైంది.

హద్దుకు అవతల మన బంధువుల సంగతీ చూశాం. అత్తిబెలె దాటితే హోసూరు, అక్కడి నుంచి తమిళనాడు. ఒక అన్న ఇటు, ఒక తమ్ముడు అటు ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. 2025 నవంబరులో తమిళనాడులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు ఇంటింటికీ ఫారాలు వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందటి జాబితాలో పేరు ఎక్కడుందో చూసి రాయాలన్నారు. ఫారం చదివి చెప్పే మనిషి కోసం మన చుట్టాలు ఇక్కడికి ఫోన్లు చేశారు. ఓటు లాంటి విషయంలో కూడా పక్కింటి కుర్రాడు చెప్పిందే ఆధారమైంది.

చట్టం ఏం చెబుతోంది

సమాచార హక్కు చట్టం 2005 అంటే పది రూపాయలు కట్టి అర్జీ పెట్టడం, ముప్పై రోజులు ఎదురుచూడటం అని మాత్రమే చాలామందికి తెలుసు. అందులో నాలుగో సెక్షన్ ఇంకా పెద్దది. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను వెల్లడించాల్సిన విషయాలు అక్కడ వరుసగా ఉన్నాయి. ఆ వరుసలో ఒకటి, పౌరులు సమాచారం పొందడానికి ఉన్న సౌకర్యాలు. ప్రజల కోసం గ్రంథాలయం గాని పఠన మందిరం గాని నడుపుతుంటే దాని వేళలు కూడా చెప్పాలి. ఇంకొకటి, ఆ కార్యాలయం ఎవరెవరికి రాయితీలు, పర్మిట్లు, అనుమతులు ఇచ్చిందో ఆ వివరాలు. ఈ సమాచారాన్ని పంచేటప్పుడు ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని గమనంలో పెట్టుకోవాలని కూడా అదే సెక్షన్ అంటుంది.

అనుమతుల జాబితా మనకెందుకు అనుకోవద్దు. 2023 అక్టోబరు 7న మన అత్తిబెలెలోనే బాణాసంచా గోదాము తగలబడింది. దీపావళి సరుకు దించుతున్న రోజులు. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది తమిళనాడు నుంచి పనికి వచ్చిన కుర్రాళ్లు. లైసెన్సు ఎవరిది, ఎంత సరుకు నిల్వ చేయవచ్చు, తనిఖీ ఎప్పుడు జరిగింది అని ఆ తర్వాత ఊరంతా అడిగింది. ఈ ప్రశ్నలు ముందురోజు అడిగే హక్కు కూడా మనకుంది. జాబితా చూసే చోటు ఒకటి ఊళ్లో ఉంటే అందరూ చూస్తారని కాదు, ఎవరో ఒకరు చూస్తారు. ఆ ఒక్కరు చూస్తారన్న భయమే ఆఫీసును జాగ్రత్తగా ఉంచుతుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మేము గమనించింది ఇదే. ఎవరూ అడగరని తెలిసిన ఫైలు మీదే దుమ్ము పేరుకుంటుంది.

రాసే హక్కు ఉంది, చదివే కాగితం లేదు

మన భాష సంగతికి వద్దాం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ ఫిర్యాదును కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకోవచ్చు. కర్ణాటకలో తెలుగు వాడుకలో ఉన్న భాషే. కాబట్టి తెలుగులో వినతిపత్రం ఇవ్వడం మన హక్కు. జవాబు కూడా తెలుగులోనే రావాలని మాత్రం అందులో లేదు. సమాచార హక్కు అర్జీ దగ్గరికి వస్తే పద్ధతి వేరు. అది ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. మనకు కన్నడం అన్నమాట. ఈ రెంటికీ తేడా తెలియక తెలుగులో సమాచార అర్జీ రాసి వెనక్కి తెచ్చుకున్నవారున్నారు, తెలుగులో ఫిర్యాదు ఇవ్వవచ్చని తెలియక నోరు మూసుకున్నవారూ ఉన్నారు.

భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఇంకొకటి ఉంది. ఒక జిల్లాలో గాని, తాలూకాలో గాని, పురసభలో గాని ఒక భాషవారు 15 శాతం, ఆపైన ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు ఆ భాషలో కూడా ప్రచురించాలని రాష్ట్రాలు, కేంద్రం కలిసి ఒప్పుకున్నాయి. ఇది ఒప్పందమే గాని, కోర్టులో నిలదీయగల చట్టం కాదు. దీని అమలు చూడటానికి 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి 1957 నుంచి ఉంది.

2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 5.84 శాతం, అంటే 35 లక్షల పైచిలుకు. బెంగళూరు నగర జిల్లాలో అది 14 శాతం దరిదాపుల్లో ఉంది. ఒక్క శాతం దూరంలో ఆగిపోయాం. జనగణన రెండో దశ 2027 ఫిబ్రవరిలో జరగనుంది. మాతృభాష అంటే జనగణన వారి లెక్కలో చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష. బడిలో చదివిందీ కాదు, ఆఫీసులో మాట్లాడేదీ కాదు. “ఇంతకాలంగా ఇక్కడే ఉన్నాం గదా” అని కన్నడమని రాయించినవారు మనలో ఉన్నారు. అభిమానంతో చేసినదే, కాని ఆ గడి అభిమానం కోసం పెట్టింది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మ పెంచినవారు తెలుగని చెప్పాలి, కన్నడం మాట్లాడే అమ్మ పెంచినవారు కన్నడమని చెప్పాలి. ఆ అంకె మీదే రేపటి ప్రకటనలు ఏ భాషలో రావాలన్న మాట నిలుస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెబుతుంటారు, అక్కడ ఓటుహక్కు చట్టంలో 1975 నుంచి 203వ సెక్షన్ ఒకటి ఉందని. చట్టంలో పేర్కొన్న భాషల వర్గాల్లో ఇంగ్లీషు అంతగా రాని ఓటర్లు ఒక ప్రాంతంలో పది వేలు గాని, ఐదు శాతం గాని దాటితే, చదువుకు సంబంధించిన ఇంకో షరతు కూడా కుదిరితే, ఓటింగు కాగితాలు ఆ భాషలో ఇవ్వాలి. అక్కడ అది చట్టం. ఇక్కడ మనకున్న ఒప్పందంలో పదిహేను శాతం అంటే అది ఎంత ఎత్తైన గడపో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కన్నడ నేల మీద తెలుగు బీరువా ఎందుకు?

ఈ ప్రశ్న మన ఇళ్లలోనే వస్తుంది, రావాలి కూడా. ఇది కన్నడ నేల. కన్నడం మాట్లాడటం, చదవడం, పిల్లలకు నేర్పించడం మన బాధ్యత. తరతరాలుగా ఈ నేల అన్నం తింటున్నవాళ్లం, అందులో మాకు రెండో మాట లేదు. ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. మన మనవలు, మనవరాళ్లు తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు చదవలేరు. వాళ్లకు కన్నడం, ఇంగ్లీషు తెలుసు. కన్నడం మాట్లాడగలిగి చదవలేనివారు అమ్మమ్మలు, తాతలు.

అందుకే మేము కోరేది తెలుగు బీరువా కాదు, మూడు భాషల బీరువా. ఒకే చట్టం కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో పక్కపక్కన ఉండాలి. తాత తెలుగులో చదివి విషయం గ్రహిస్తాడు, మనవరాలు అదే పేజీ చూసి కన్నడంలో అర్జీ రాస్తుంది. ఆఫీసు మాటలు మనకు అడ్డం పడేది కూడా ఇక్కడే. చిత్తూరు వైపు నుంచి వచ్చినవారు అడంగల్ అంటారు, ఇక్కడ అది పహణి. మున్సిపాలిటీ ఇక్కడ పురసభె. ఇలాంటి రెండు వందల మాటల పట్టిక గోడకు తగిలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. అది కన్నడం నేర్చుకోవడానికీ పనికొస్తుంది.

పుస్తకాలు లేవనడానికి వీల్లేదు. రాజ్యాంగం తెలుగు ప్రతి, కన్నడ ప్రతి కేంద్ర ప్రభుత్వ శాసన విభాగం దగ్గరే ఉన్నాయి. 1973 నాటి ఒక చట్టం ప్రకారం, రాష్ట్రపతి అధికారంతో ప్రచురించిన కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషా అనువాదాలు ఆ భాషల్లో ప్రామాణిక పాఠాలే. సుప్రీంకోర్టు కూడా తన తీర్పుల అనువాదాలను తెలుగు, కన్నడ భాషల్లో అందరికీ అందుబాటులో పెడుతోంది. కాగితాలు ఎక్కడో ఉన్నాయి. మన వీధి చివర లేవు, అంతే.

మన పెద్దలు చేసిన పని

పరిపాలన భాష వేరు, ఇంటి భాష వేరు అన్న స్థితి తెలుగువారికి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినప్పుడు అక్కడి కచేరీల భాష ఉర్దూ. కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు గార్లు రాజు ఇస్తాడని ఎదురుచూడలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకట రమణయ్య గారు ఊరూరా పఠనాలయాలు పెట్టించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాన్ని వయోజన విద్యతో ముడిపెట్టారు. చదువు రానివారికి పేపరు చదివి వినిపించడం కూడా గ్రంథాలయం పనే అనుకున్న కాలం అది. ఆ పఠనాలయాల్లో కూర్చున్నవారే తర్వాత సభలు పెట్టారు, ఓట్లు అడిగారు, ప్రశ్నలు వేశారు.

వారికి లేనిది మనకు ఒకటి ఉంది. వారు చందాలెత్తి పుస్తకాలు కొన్నారు. మనం చట్టప్రకారం పన్ను కట్టి మరీ అడగకుండా కూర్చున్నాం.

ఏ తలుపు తట్టాలి

అత్తిబెలె ఒకప్పుడు గ్రామ పంచాయతీ, ఇప్పుడు పురసభ. ఊరు పట్టణమైందని సంతోషించాం గాని ఒకటి పోగొట్టుకున్నాం. పంచాయతీలో గ్రామసభ ఉంటుంది, ఓటున్న ప్రతివారూ వెళ్లి లేచి అడగవచ్చు. పట్టణానికి వచ్చేసరికి గ్రామసభ ఉండదు. రాజ్యాంగం తప్పనిసరి చేసిన వార్డు కమిటీలేమో మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్లకే. మనలాంటి చిన్న పట్టణాలు ఈ రెంటి మధ్య పడ్డాయి. కూర్చుని అడిగే సభ లేనిచోట, కాగితం చూసి అడిగే చోటైనా ఉండాలి గదా.

గ్రంథాలయాల్లోనూ రెండు దారులున్నాయి. 2019లో కర్ణాటక ప్రభుత్వం గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు అప్పగించింది. వాటినిప్పుడు ‘అరివు కేంద్ర’ అంటున్నారు. అరివు అంటే ఎరుక. చుట్టుపక్కల గ్రామాల్లో ఉన్నవారు పంచాయతీని అడగాలి. పట్టణంలో ఉన్నవారు సార్వజనిక గ్రంథాలయ శాఖను అడగాలి. ఒక శాఖకు రాయాల్సింది ఇంకో శాఖకు రాస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది.

సంఘం తప్పు కూడా ఉంది

ఇంతవరకు ఆఫీసుల గురించి చెప్పాం. మా సంగతి కూడా చెప్పుకోవాలి. మా సంఘం గదిలో రెండు బీరువాల పుస్తకాలున్నాయి. నవలలు, శతకాలు, వంటల పుస్తకాలు, పంచాంగాలు ఉన్నాయి. ఒక్క చట్టం పుస్తకం లేదు. ఉగాదికి షామియానా, మైకు, సన్మానాలకు ఖర్చు పెట్టేటప్పుడు వెనకాడలేదు. అందులో కొంత తగ్గించుకున్నా ఒక చిన్న బీరువా నిండుతుందని ఇప్పుడు లెక్క వేసుకున్నాం. కాబట్టి అడగడంతో ఆగం.

మా గదిలో ముందు మేమే ఒక అర ఖాళీ చేస్తున్నాం. రాజ్యాంగం, సమాచార హక్కు చట్టం, న్యాయ సేవల చట్టం, కొత్త న్యాయ సంహిత మూడు భాషల్లో సాధ్యమైనంతవరకు అచ్చు తీసి, బైండింగు చేయించి పెడతాం. ప్రతి పుస్తకం అట్ట లోపల అది ఏ తేదీ నాటి పాఠమో రాస్తాం, ఏటా ఒకసారి సరిచూస్తాం. సకాల సేవల పట్టిక, గడువులు గోడకు తగిలిస్తాం. తాలూకా న్యాయ సేవల సమితిని కలిసి ఏడాదికి రెండుసార్లు వచ్చి మాట్లాడమని అడుగుతాం. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని, 15100కు ఫోన్ చేయవచ్చని మన ఇళ్లలో పనికి వచ్చే అక్కలకు కూడా తెలియాలి.

రెండో పని, గ్రంథాలయ శాఖకు వినతిపత్రం. మన పట్టణ పఠనాలయంలో పౌర సమాచారం కోసం మూడు భాషల బీరువా ఒకటి పెట్టమని, నాలుగో సెక్షన్ కింద పురసభ వెల్లడించే వివరాల ప్రతి ఒకటి అక్కడ ఉంచమని అడుగుతాం. కన్నడంలో ఒక ప్రతి, 350వ అధికరణం పేరు చెప్పి తెలుగులో ఒక ప్రతి. రెండింటి మీదా స్వీకృతి ముద్ర వేయించుకుంటాం. ముద్ర, తేదీ, నంబరు లేని కాగితం ఇచ్చినట్టు కాదని సర్వీసులో నేర్చుకున్నాం.

మూడో పని మీది. ఇంటి పన్ను రసీదు తీసి గ్రంథాలయ కర దగ్గర ఎంత ఉందో చూడండి. దాని జిరాక్సు ఒకటి మాకు తెచ్చివ్వండి, ఇంటి నంబరు, పేరు కొట్టేసి ఇచ్చినా చాలు. వినతిపత్రానికి వాటిని జత చేస్తాం. ఎవరో దానం చేయమని అడిగినట్టు కాకుండా, కట్టినవారు లెక్క అడిగినట్టు ఉంటుంది. ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు వరకు సంఘం గది తెరిచే ఉంటుంది. కన్నడం బాగా రాయగల పిల్లలు ఇంట్లో ఉంటే వెంట తీసుకురండి, వారితో మాకు చాలా పని ఉంది.